చదివి వినిపించిన గవర్నరు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న టీచరమ్మలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవడం మర్యాదే. కానీ నాకిచ్చింది ముప్పావు గంట. పేర్లు చదువుతూ కూర్చుంటే నేను చెప్పాలనుకున్న మనిషి మిగిలిపోతాడు.

ఈ రోజు జనవరి 3. సావిత్రీబాయి ఫూలే జయంతి. 1831లో పుట్టిన ఆ తల్లి గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను. అయితే ఈ తారీఖు నాకు ఇంకొక రకంగా కూడా గుర్తు. 1924లో ఇదే రోజు, ఇంకా సరిగ్గా తెల్లవారకముందే, మెక్సికో దేశంలో యుకతాన్ అనే రాష్ట్రంలో, మెరిదా పట్నం శ్మశానంలో, గోడ దగ్గర నిలబెట్టి ఒక గవర్నరును కాల్చి చంపారు. ఆయనతో పాటు ఇంకో 12 మందిని. అందులో ముగ్గురు ఆయన తోడబుట్టినవాళ్ళు. ఆయన పేరు ఫెలిపే కార్రియో పుయెర్తో. పలకడం కష్టంగా ఉంటే ఫెలిపే అనుకోండి. అక్కడి జనం కూడా అలాగే పిలిచారు. ఎలా పిలిచారో తర్వాత చెబుతాను, అది మనకి బాగా దగ్గరి మాట.

ముందు ఒక సంగతి. గవర్నరనగానే మనకి రాష్ట్రపతి నియమించే పెద్దమనిషి గుర్తొస్తారు. మెక్సికోలో అలా కాదు. రాష్ట్ర గవర్నరుని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి పదవి లాంటిది. అంటే ఆ శ్మశానంలో కాల్చింది జనం ఓట్లేసి గెలిపించుకున్న మనిషిని.

ఎక్కడి మెక్సికో, ఎక్కడి కనిగిరి అని మీరు అనుకుంటారు. నేను 34 ఏళ్ళు దస్తావేజు లేఖరిగా పని చేశాను. ఈ చేత్తో రాసిన క్రయ దస్తావేజులు, తనఖా పత్రాలు, ప్రోనోట్లు ఎన్నో లెక్క లేదు. మా దస్తావేజుల్లో చివర ఒక వాక్యం ఉంటుంది, మీరంతా విన్నదే: "ఇందలి మజ్కూరు యావత్తు చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసితిని." రాసేది మేము, వేలిముద్ర వేసేది వాళ్ళు. మరి నిజంగా చదివి వినిపించామా? ఈ ఒక్క ప్రశ్నతోనే నేను ఫెలిపే దగ్గరికి వెళ్ళాను.

ఇంకో దారి కూడా ఉంది. కిత్తనార. మెట్ట చేలగట్ల మీద, రైలు కట్టల పక్కన, బూడిద పూసినట్టు పచ్చగా, కత్తుల్లాంటి మట్టలు, కొసన నల్లటి ముల్లు. రాకాసి మట్టలని కూడా అంటాం. చిన్నప్పుడు మా మేనమామ ఆ మట్టలు కోసి కుంటలో నానబెట్టేవాడు. నానాక రాయి మీద వేసి బాది, కడిగి, ఆరబెడితే తెల్లటి నార వచ్చేది. దాన్ని తొడ మీద పెట్టి అరచేత్తో పురి తిప్పేవాడు. పచ్చి మట్ట రసం చేతికి తగిలితే రాత్రంతా దురద. మామ మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు ఉండేవి. ఆ నారకి ఇంగ్లీషులో సిసాల్ అని పేరు. సిసాల్ అనేది యుకతాన్‌లో ఓడరేవు. అక్కడినుంచి ఓడలకెక్కిన నార కాబట్టి ఆ ఊరి పేరే నారకి అంటుకుంది. యుకతాన్‌లో ఎక్కువగా పండించింది దీని తోబుట్టువు, దాన్ని ఎనెకెన్ అంటారు. అదే ముల్లు, అదే దురద.

మా మామ పాతిక మట్టలు కోస్తే అలసిపోయేవాడు. 1908లో ఒక అమెరికన్ జర్నలిస్టు తోట కొనడానికి వచ్చిన షావుకారులాగా నటిస్తూ యుకతాన్ తోటలు తిరిగి చూశాడు. అక్కడ ఒక్కో మనిషి రోజుకి 2,000 మట్టలు కొయ్యాలని రాశాడు. తక్కువైతే కొరడా. మనిషి ధర 400 పెసోలు అని ఆయనకి చెప్పారట. బానిసత్వం చట్టంలో ఎప్పుడో రద్దయింది. మరి ధర ఎలా పలికింది? అప్పు రూపంలో. మనిషిని అమ్ముతున్నామని అనరు, వాడి అప్పు అమ్ముతున్నామంటారు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఇది నా వృత్తికి సంబంధించిన విషయం. ఆ తోటల్లో రెండు ఖాతాలు ఉండేవి. అక్కడి మూలవాసులు మాయా జనం, వాళ్ళ మాయా భాషలో 'చిచాన్' అంటే చిన్న, 'నోహోచ్' అంటే పెద్ద. తోట కొట్లో మొక్కజొన్నలు, గుడ్డ, ఉప్పు తీసుకుంటే చిన్న ఖాతాలో పడేది. పెళ్ళి చేసుకుంటే ఆ ఖర్చు పెద్ద ఖాతాలో పడేది. చిన్నది వారం వారం కూలిలో కొంత తెగేది. పెద్దది తెగేది కాదు, తెగాలని రాసింది కూడా కాదు. కుర్రాడికి పెళ్ళీడు రాగానే యజమానే ముందుకొచ్చి డబ్బిచ్చేవాడు. ఆ పెళ్ళితో వాడు జీవితమంతా ఆ తోటకి కట్టుబడిపోయేవాడు. పారిపోతే ఖాతా పుస్తకం చూపించి పట్టుకొచ్చేవాళ్ళు. ఆ పుస్తకం స్పానిష్‌లో ఉండేది. సంతకం పెట్టాల్సినవాడికి వచ్చింది మాయా భాష. చదివి వినిపించేవాళ్ళు లేరు.

అంత నార ఎక్కడికి పోయేది? ఎక్కువ భాగం అమెరికాకి. అక్కడ గోధుమ కోసే యంత్రాలు పనల్ని తాడుతో కట్టేవి, ఆ తాడు ఈ నారే. 1902లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ, ఒలెగారియో మొలినా అనే పెద్ద వ్యాపారి సంస్థతో ధర తగ్గించి కొనడానికి రహస్య ఒప్పందం చేసుకుంది. అదే మొలినా అప్పుడు యుకతాన్ గవర్నరు. ఒక గవర్నరు నార ధర తగ్గించే కాగితం మీద ఉన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో గవర్నరు వచ్చాడు. ఆయన గురించే ఈ ప్రసంగమంతా.

ఫెలిపే 1874 నవంబరు 8న మోతుల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పద్నాలుగు మంది సంతానంలో రెండోవాడు. చిన్న వ్యాపారం చేసుకునే కుటుంబం. వీధిలో మాయా పిల్లలతో ఆడుతూ వాళ్ళ భాష నోటికి పట్టింది. రైల్లో కండక్టరుగా చేశాడు, కంచరగాడిద బండి తోలి సరుకులు అమ్మాడు, మోతుల్‌లో పత్రిక నడిపాడు. కుర్రతనంలోనే ఒక ఊరివాళ్ళ దారికి తోటవాళ్ళు గోడ అడ్డం కట్టుకుంటే, పడగొట్టండని చెప్పి జైలుకి వెళ్ళాడని చెబుతారు. ఇంకోటి కూడా చెప్పాలి, దాచను. 1911లో రాజకీయ గొడవల్లో తన మీదికొచ్చిన ఒక మనిషిని కాల్చి చంపాడు. ఆత్మరక్షణ అన్నాడు. 1913 దాకా జైల్లోనే ఉన్నాడు. బయటికొచ్చాక 1914 ప్రాంతంలో జపాటా రైతు సైన్యం దగ్గరికి, మొరెలోస్ రాష్ట్రానికి వెళ్ళి అక్కడ భూముల పంపకం పని నేర్చుకున్నాడు.

వీటన్నిటి మధ్య ఆయన చేసిన పని ఒకటుంది. నన్ను పట్టుకుని వదలనిది అదే. మెక్సికో రాజ్యాంగాన్ని మాయా భాషలోకి మార్చి, తోటల్లో కూలీలని కూర్చోబెట్టి చదివి వినిపించాడు. అప్పటికి ఆయన చేతిలో ఏ పదవీ లేదు. భూమి ఇవ్వలేడు, అప్పు కొట్టెయ్యలేడు. దేశపు చట్టంలో మీ గురించి ఇలా రాసి ఉందయ్యా అని చదివాడు. మనిషిని అమ్మకూడదని, కొట్టకూడదని, బలవంతంగా పని చేయించకూడదని ఆ కాగితంలో ఎప్పటినుంచో ఉంది. వాళ్ళ భాషలో లేదు, అంతే. దీనికి కూడా జైల్లో పెట్టారు ఆయన్ని.

అయ్యా, అమ్మా, ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. అనుకున్న వరస తప్పుతోందని నాకూ తెలుసు. క్షమించండి.

నేను పదో తరగతి పాసైన ఏడాది. తాడు పేనే మేనమామ అన్నానే, ఆయనకి రెండున్నర ఎకరాల మెట్ట. పక్క చేను ఆయన మోటారు కోసం లోను పెట్టుకుంటే, "మామా, నువ్వొచ్చి ఓ వేలిముద్ర వెయ్యాలి" అన్నాడు. ఏ బ్యాంకో చెప్పను, ఇప్పుడు దానితో పని లేదు. మామ నన్ను వెంట తీసుకెళ్ళాడు, చదువుకున్నవాణ్ణి కదా అని. నాలుగు పేజీల ఫారం, అంతా ఇంగ్లీషు. మామ నా వైపు తిరిగి, "ఒరే, ఏవుందిరా ఇందులో?" అన్నాడు. చూశాను. అక్షరాలు తెలుసు. గ్యారంటర్ అనే మాట కూడా కూడబలుక్కున్నాను. అర్థం తెలీదు. టేబుల్ అవతల ఉన్నాయన "ఏం లేదు పెద్దాయనా, ఊరికే సాక్షి లాగా" అన్నాడు. వెనకాల పది మంది లైన్లో ఉన్నారు. నాకు తెలీదని చెప్పడానికి సిగ్గేసింది. "పర్లేదు మామా, పెట్టు" అన్నాను.

పెట్టాడు.

ఆరేళ్ళకి నోటీసు వచ్చింది, అదీ ఇంగ్లీషులోనే. మామ దాన్ని ఎరువుల కంపెనీ కాగితం అనుకుని చూరులో దోపాడు. గడువు దాటిపోయింది. రెండున్నర ఎకరాలూ వేలంలో పోయాయి. మామ నన్ను ఒక్క మాట అనలేదు. చాలా ఏళ్ళ తర్వాత, ఇంక మంచం మీదే ఉన్నప్పుడు, "నువ్వు చదివావుగా, అదే ధైర్యం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ మాట కంటే ముందే, కానీ కారణం ఆ ఫారమే. 34 ఏళ్ళలో ఒక్క దస్తావేజు కూడా గొంతెత్తి చదవకుండా వేలిముద్ర వేయించలేదు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదు. రెండున్నర ఎకరాలు తిరిగి రాలేదు.

సరే, ఫెలిపే దగ్గరికి వద్దాం.

1915లో జనరల్ సాల్వదోర్ అల్వరాదో యుకతాన్‌కి గవర్నరుగా వచ్చాడు. అప్పు పేరుతో మనిషిని కట్టెయ్యడం చెల్లదని అప్పటికే ఆర్డర్లు వచ్చాయి, ఆయన వాటిని అమలు చేయించాడు. ఫెలిపే ఆయన కాలంలోనే భూమి కమిషన్‌లో పని చేస్తూ పైకొచ్చాడు, 1917లో సోషలిస్టు పార్టీకి నాయకుడయ్యాడు. పార్టీ అంటే మనం చూసే జెండాల పార్టీ కాదు. ఊరూరా లీగులు పెట్టారు, ప్రతిఘటన సంఘాలు. సాయంత్రం అక్కడ బడి, అక్కడే పంచాయితీ, అక్కడే డాన్సు కూడా. మోతుల్‌లో 1918లో ఒక మహాసభ, ఇసమాల్‌లో 1921లో ఇంకోటి. మధ్యలో సైన్యం వచ్చి లీగు ఆఫీసులు తగలబెడితే ఊరొదిలి పారిపోయి, తర్వాత మెక్సికో ప్రెసిడెంటయిన ఒబ్రెగోన్ వర్గంతో కలిసి మళ్ళీ తిరిగొచ్చాడు. ఆ రాజకీయాలన్నీ చెబితే రాత్రవుతుంది.

1921 నవంబరులో గవర్నరుగా గెలిచాడు. 1922 ఫిబ్రవరి 1న ప్రమాణం. ఆ రోజు మెరిదాలో గవర్నరు భవనం బాల్కనీలోంచి మాట్లాడాడు. మాయా భాషలో. గవర్నరు హోదాలో తొలి ప్రసంగమే మాయాలో. కింద చౌకులో నిలబడ్డవాళ్ళలో ఎంతమందికి, పెద్దాఫీసులోంచి తమ భాష వినపడడం జీవితంలో అదే మొదటిసారో ఊహించండి. ఆ భవనంలోంచి అప్పటిదాకా వాళ్ళకి వచ్చింది పన్నులు, పోలీసులు, స్పానిష్.

ఇప్పుడు ఆ పిలుపు సంగతి. మాయా భాషలో 'సుకూన్' అంటే అన్న. జనం ఆయన్ని 'సుకుమ్ ఫెలిపే' అన్నారు. ఫెలిపేన్న! మన దగ్గర ఆ మాట విలువేంటో మీకు చెప్పక్కర్లేదు. సార్ అనలేదు, దొర అనలేదు, గవర్నరుగారనలేదు.

ఇరవై మూడు నెలలే ఉన్నాడు పదవిలో. ఆ కొద్ది రోజుల్లోనే ప్రతి గురువారం భూమి పంచేవాళ్ళు. 'వ్యవసాయ గురువారాలు' అని పేరు కూడా పడింది. ఊరికి వెళ్ళి, అందరి ముందు, ఇదిగో మీ హద్దులు అని అప్పజెప్పేవాళ్ళు. మొత్తం 6 లక్షల హెక్టార్లకు పైగా, 30 వేల కుటుంబాలకు పైగా ఇచ్చారని చరిత్రలో రాస్తారు. మన లెక్కలో దాదాపు 15 లక్షల ఎకరాలు. అందులో ఎక్కువ భాగం నార తోటలు కావు, ఊళ్ళ చుట్టూ ఉన్న భూములు. నార తోటల జోలికి ఆయన వెళ్ళింది 1923 చివర్లో, వదిలేసిన తోటల్ని తీసుకుంటామని చట్టం తెచ్చినప్పుడు. కొన్ని వారాలకే ఆయన ప్రాణం పోయింది. రెంటికీ సంబంధం ఉందని నమ్మేవాళ్ళు చాలామంది. నేనూ నమ్ముతాను. మెరిదాలో యూనివర్సిటీ ఆయన పెట్టిందే, 1922లో. మాయావాళ్ళ పాత నగరం చిచెన్ ఇత్సా శిథిలాలకి రోడ్డు వేయించాడు, మీ తాతలు కట్టిన గుడి మీరు చూడండని.

టీచరమ్మలూ, ఇది మీకోసం. ఫెలిపే చెల్లెలు ఎల్వియా కార్రియో పుయెర్తో. మీలాగే బడి పంతులమ్మ. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళ సంఘాలు పెట్టింది. 1848లో పూణేలో సావిత్రీబాయి బడికి వెళ్తుంటే పేడ కొట్టారు, ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళింది. ఎల్వియా మీద తుపాకులు పేల్చారు. ఫెలిపే ప్రభుత్వంలో ఆడవాళ్ళు ఓటేశారు, నిలబడ్డారు, గెలిచారు. 1922లో రోసా తొర్రే మెరిదా మునిసిపాలిటీకి, 1923 నవంబరులో ఎల్వియా, బెయాత్రిస్ పెనిచే, రకేల్ జిబ్ ముగ్గురూ రాష్ట్ర శాసనసభకి. మెక్సికో దేశం మొత్తం మీద ఆడవాళ్ళందరికీ ఓటు హక్కు వచ్చింది 1953లో. ముప్పై ఏళ్ళు ముందు! రకేల్ జిబ్ అనే పేరులో 'జిబ్' మాయా ఇంటిపేరు. ఆ మాటకి మాయాలో రాయడం అని అర్థం. లేఖరి ఇంటిపేరన్నమాట. చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఆయన్ని తలుచుకునేవాళ్ళు ఎక్కువగా ఒక ప్రేమకథ చెబుతారు. అల్మా రీడ్ అనే అమెరికన్ జర్నలిస్టు, పెళ్ళి నిశ్చయం, ఆమె మీద ఆయన రాయించిన పాట. నిజమే అదంతా. విడాకుల చట్టం తన కోసమే తెచ్చుకున్నాడని కూడా అన్నారు. నేను ఆ దారికి పోను. ఆ కథ చెప్పగానే ఖాతా పుస్తకం మర్చిపోతారు.

లోపాలు లేవనను. లీగుల పుస్తకాల్లో పదుల వేల పేర్లు ఉండేవి, కానీ చాలా ఊళ్ళలో లీగంటే అక్కడి మోతుబరి గూండాయే. వాళ్ళని నమ్ముకున్నాడు. వాళ్ళు చేసిన దౌర్జన్యాలకి ఆయన పేరు కూడా మాసింది. 1923 డిసెంబరులో దేశ ప్రభుత్వం మీద అదోల్ఫో దె లా ఉయెర్తా తిరుగుబాటు మొదలై యుకతాన్‌లో సైన్యం ఆ వైపు తిరిగేసరికి, ఆ పెద్దమనుషులు ఒక్కరూ అడ్డం నిలబడలేదు. మాయా రైతుల చేతిలో తుపాకులు లేవు. వాళ్ళని ఉత్త చేతులతో సైన్యం ముందుకి తోలడానికి ఆయన ఒప్పుకోలేదని అంటారు.

డిసెంబరు 12న మెరిదా వదిలి తూర్పు తీరం వైపు వెళ్ళాడు. పడవ సాగలేదు. 21న ఓల్‌బోష్ దగ్గర పట్టుకున్నారు. మెరిదా జైలుకి తెచ్చి సైనిక కోర్టు పెట్టారు. ప్రజలు ఎన్నుకున్న పౌరుణ్ణి సైనికులు విచారించారు. రాత్రికి రాత్రే విచారణ, తెల్లారేసరికి శిక్ష. తమ్ముళ్ళు, మెరిదా మేయరుగా ఉన్న లాయరు మాన్యుయెల్ బెర్సున్సా, అందరూ ఒకే గోడ దగ్గర. ఇంకొన్ని నెలలకే ఆ తిరుగుబాటు అణిగిపోయింది. కానీ ఆ ముగ్గురు ఆడవాళ్ళ సీట్లు పోయాయి. ఎల్వియా యుకతాన్ వదిలి, ఇంకో రాష్ట్రం నుంచి నిలబడి గెలిస్తే, ఆడదానివి కాబట్టి కుదరదని పార్లమెంటు గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆమె 1968 దాకా బతికింది. నార తోటల భూమి రైతులకి పంచడానికి 1937లో ప్రెసిడెంటు కార్దెనాస్ రావాల్సి వచ్చింది.

ఈ రోజు మెరిదాలో నార డబ్బుతో కట్టిన మేడలున్న పెద్ద వీధిలో ఫెలిపే విగ్రహం ఉంది. ఆ వీధి పేరు పసెయో దె మొంతేహో. మొంతేహో అంటే ఆ నేలని గెలిచిన స్పెయిన్ దొర. పేరు ఆయనది, విగ్రహం ఈయనది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట, ఒక్కటే.

మనకి అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. అయినా నిన్న మొన్న నా దగ్గరికొచ్చిన ఒక అమ్మ చేతిలో కోర్టు కాగితం ఇంగ్లీషులోనే ఉంది. అది గెలిచిన కేసు. గెలిచానని తెలియక మూడు వారాలు ఏడ్చింది ఆవిడ. కాలేజీ పిల్లలూ, వెనక నిలబడ్డవాళ్ళు, మీకే చెబుతున్నా. మీలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ఉన్నారు. నాకు ఇద్దరు కావాలి. ఈ లైబ్రరీ వరండాలో, ప్రతి ఆదివారం పొద్దున పదింటినుంచి పన్నెండు దాకా నేను కూర్చుంటాను. ఎవరైనా సరే, చూరులో దోపిన కాగితం, బీరువాలో మడత పెట్టిన నోటీసు, లోను ఫారం, ఇన్సూరెన్సు బాండు తెచ్చుకోండి. మొదటి లైనునుంచి చివరి సంతకం దాకా తెలుగులో గట్టిగా చదువుతాం. అర్థం కాని మాట వస్తే తెలీదని చెబుతాం, తెలుసుకుని మళ్ళీ ఆదివారం చెబుతాం. డబ్బు తీసుకోం.

వరండాలో బల్ల ఒకటి ఉంది, ఎడమ కాలు కాస్త ఊగుతుంది. దాని కింద పెట్టడానికి ఇటుక ముక్క నేనే తెస్తాను. ఇద్దరు చాలు. చేతులెత్తండి.